చిలికా కాలువలో ఇంజన్ల రొద

పూరీ నుంచి సాతపడా 50 కిలోమీటర్లు. బ్రహ్మగిరి దాటాక రోడ్డుకి రెండు పక్కలా సరుగుడు తోటలు, కొబ్బరిచెట్లు, వరిచేలు, కాస్త ముందుకెళ్తే గాలిలో ఉప్పు వాసన. ఇచ్ఛాపురం వైపు పెరిగినవాణ్ణి కాబట్టి చిలికా నాకు కొత్త కాదు. కాకపోతే మా వైపు వాళ్లకి తెలిసిన చిలికా పడమటి గట్టుది. రంభ, బాలుగావ్ స్టేషన్ల మధ్య రైలు కిటికీలోంచి కొండల పక్కన కనిపించే నీళ్లు, ప్లాట్‌ఫారం మీద పీతల బుట్టలు, అంతే. సముద్రం వైపు చిలికా సంగతి వేరు. అక్కడ సరస్సు సన్నబడి, ఇసక దిబ్బల వెనకాల కాలువలా సాగి సముద్రంలో కలుస్తుంది. సరస్సు మొత్తం వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుందన్న మాటే గాని, చాలాచోట్ల మనిషి నిలబడితే తల మునగదు. కాస్త లోతున్న చోట్లలో ఈ కాలువ ఒకటి. డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది ఇందులో. సముద్రం నుంచి సరస్సులోకి చేపలు వచ్చేదీ ఇందులోనే. సాతపడా రేవు నుంచి బోట్లు బయల్దేరేదీ ఇందులోకే.

డిసెంబరు చివరి వారం. రేవు దగ్గర టూరిస్టు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. కోల్‌కతావి, రాయపూర్‌వి, మన శ్రీకాకుళం, విజయనగరం బళ్లు కూడా. చలిమంటల దగ్గర టీ, గప్‌చుప్ బండ్లు, వేయించిన రొయ్యల వాసన. ఎక్కడ చూసినా బోర్డుల మీద డాల్ఫిన్ బొమ్మలు. నీలం రంగు, పొడుగు మూతి, నీళ్లలోంచి విల్లులా వంగి ఎగురుతూ. ఆ బొమ్మలోని డాల్ఫిన్ చిలికాలో ఉండేది కాదు. గొడవంతా అక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది.

చిలికాలో ఉండేది ఇరవాడి డాల్ఫిన్. దానికి పొడుగు మూతి ఉండదు. గుండ్రటి తల, బోడి నుదురు, వెన్ను మధ్యలో మొద్దుబారిన చిన్న రెక్క, బూడిద రంగు ఒళ్లు. రెండున్నర మీటర్ల జంతువు గాని, మనకి ఒక్కసారిగా కనిపించేది జానెడు వీపే. బోటు ముందు అలల మీద పరుగులు పెట్టదు. గాల్లోకి ఎగరడం అరుదు. తల కాస్త పైకెత్తి, ‘ఫుస్’మని ఊపిరి వదిలి, మళ్లీ పీల్చుకుని, ముందుకి ఒరిగినట్టు లోపలికి పోతుంది. అంతా కలిపి రెండు మూడు సెకన్లు. ఆ ఊపిరి చప్పుడు వినపడితేనే చాలామందికి అదెక్కడుందో తెలుస్తుంది. బోటు ఇంజన్ ఆడుతుంటే అది వినపడదు.

ఈ జంతువుకి పేరు ఇరవాడి నదిది గాని, శాస్త్రానికి ఇది తెలిసింది విశాఖపట్నం రేవు నుంచి. ఉత్తర సర్కార్ల కమిషనరుగా అక్కడ ఉన్న వాల్టర్ ఇలియట్ 1852లో దొరికిన ఒక డాల్ఫిన్ నమూనాని ఇంగ్లండుకి చేర్చాడు. దాన్ని పరిశీలించి 1866లో కొత్త జాతిగా వర్ణించినవాడు రిచర్డ్ ఓవెన్. డైనోసార్లకి ఆ పేరు పెట్టినాయనే. కాబట్టి లెక్కప్రకారం ఈ జాతికి పుట్టిల్లు మన విశాఖ. అక్కడివాళ్లకి ఇవాళ దీన్ని చూడాలనిపిస్తే ఒడిశా బండెక్కడం తప్ప దారి లేదు. 1915లో నెల్సన్ అనండేల్ చిలికా జీవరాశి మీద పనిచేసినప్పుడు కూడా ఇవి ఇక్కడున్నట్టు రాశాడు. ఇప్పుడు ఏటా చలికాలంలో లెక్క కడుతున్నారు. సంఖ్య 150 దరిదాపుల్లో తేలుతోంది. ప్రపంచమంతా కలిపి చూసినా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోది ఇది. ఈతకి ఒక్కటే పిల్ల, 14 నెలల చూలు. ఒక్కటి పోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

మా బోటు పొడుగాటి చెక్క నావ, పైన రేకు కప్పు. వెనకాల డీజిల్ ఇంజన్, దానికి బిగించిన పొడుగాటి ఇనప కడ్డీ, కడ్డీ కొసన ఫ్యాను. తీరంలో మన మత్స్యకారులు కూడా దాన్ని ఫ్యాను అనే అంటారు. లోతు తక్కువైన చోట కడ్డీని పైకెత్తుకోవచ్చు. ఆ సౌకర్యం కోసమే ఈ రకం ఇంజన్లు. చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టాలి. నాతోపాటు ఎక్కిన కుటుంబంలో చిన్నపిల్ల మొదట ఐదు నిమిషాలు చెవులు మూసుకుని కూర్చుంది. తర్వాత అలవాటు పడిపోయింది.

మగరముఖ్ వైపు వెళ్లగానే ముందు బోటులోంచి ఎవరో చెయ్యి చాపి చూపించారు. అంతే, చుట్టుపక్కల బోట్లన్నీ ఆ వైపు మళ్లాయి. మా డ్రైవరూ స్పీడు పెంచాడు. నల్లటి వీపు ఒకటి తేలింది, దాని పక్కన మరొకటి, చిన్నది. ‘బచ్చా, బచ్చా’ అని కేకలు. మేం చేరేసరికి అక్కడ ఏమీ లేదు. కొంచెం ఆగి ఇంకోవైపు తేలాయి. బోట్లు అటు మళ్లాయి. ఒక బోటు ముందుకెళ్లి అడ్డంగా నిలబడింది. ఇంకొక దాంట్లో సౌండ్ బాక్స్ పెట్టారు, పాట నడుస్తోంది. అలా చుట్టుముట్టిన బోట్లని లెక్కపెట్టడం మొదలుపెట్టి పది దాటాక మానేశాను. పావుగంట ఈ తిరుగుడు అయ్యాక మా బోటులో పెద్దాయన అసంతృప్తిగా అన్నాడు, ‘ఎగరడం లేదేంటి?’ డ్రైవరు మొహమాటంగా నవ్వి మళ్లీ ఇంజన్ రెట్టించాడు.

ఎగిరే జంతువైతే దూరం నుంచి చూసినా చాలేది. గోవాలోనో మరోచోటో ఎగిరే డాల్ఫిన్లని చూసినవాళ్లు, టీవీలో చూసినవాళ్లు, బోర్డు మీద బొమ్మ చూసి ఎక్కినవాళ్లు ఇక్కడ కూడా అదే అడుగుతారు. ఈ జంతువు దగ్గర ఆ విద్య లేదు. లేని విద్యకి బదులు బోటువాడు దగ్గరితనం అమ్ముతాడు. దగ్గరితనం అంటే ఇంజన్.

నీళ్లలో చప్పుడు గాలిలో కన్నా నాలుగు రెట్ల పైచిలుకు వేగంగా పోతుంది, సెకనుకి 1,500 మీటర్ల లెక్కన. దూరమూ ఎక్కువే పోతుంది. ఫ్యాను తిరిగినప్పుడు దాని రెక్కల వెనక లక్షల బుడగలు పుట్టి పగులుతాయి. ఆ పగలడమే అసలు రొద. ఇంజన్ డబడబ కన్నా అదే లోపల ఎక్కువ. చిలికా నీళ్లు బురద కలిసినవి. చెయ్యి మోచేతిదాకా ముంచితే వేళ్లు కనపడవు. అలాంటి నీళ్లలో డాల్ఫిన్ చూపుని నమ్ముకుని బతకలేదు. అది టిక్కుటిక్కుమని చప్పుళ్లు వదిలి, వాటి మారుమోతతో చేపనీ, వలనీ, గట్టునీ పోల్చుకుంటుంది. ఆ మారుమోత దాని కింది దవడలో ఉండే కొవ్వు గుండా చెవికి చేరుతుంది. తల్లీ పిల్లా ఒకరి జాడ ఒకరికి తెలుపుకునేదీ చప్పుడుతోనే.

ఈ విషయం మీద ప్రపంచంలో చాలాచోట్ల గట్టి పని జరిగింది. ఫ్లోరిడాలోని సరసోటా ఖాతంలో స్టెఫనీ నొవాచెక్, రాండల్ వెల్స్ బృందం 2001లో తేల్చింది ఏమిటంటే, పగటిపూట సగటున ప్రతి ఆరు నిమిషాలకొక పడవ ప్రతి డాల్ఫిన్‌కీ 100 మీటర్ల లోపు వస్తోంది. పడవ దగ్గరికి వచ్చినప్పుడు అవి ఊపిరికి ఊపిరికి మధ్య ఎక్కువసేపు లోపలే ఉండిపోతున్నాయి. 2018లో అమెరికా తూర్పు తీరంలో లీలా ఫౌడా, హెలెన్ బెయిలీ వాళ్లు విన్నది ఇంకో రకం. సముద్రంలో రొద పెరిగినప్పుడు డాల్ఫిన్ల ఈలల్లో వంపులు తగ్గిపోతున్నాయి. పెళ్లిపందిట్లో బ్యాండు మోగుతుంటే మనం కబుర్లు మానేసి ‘తిన్నావా?’, ‘పద’ అని పొడిమాటలతో సరిపెట్టుకున్నట్టు. మన ఇరవాడి డాల్ఫిన్ మీదే ఇండోనేషియాలోని మహాకం నదిలో డానియెల్ క్రెబ్, కారెన్ రహాది చేసిన పని 2004లో వచ్చింది. బోట్లు దగ్గరుంటే అక్కడి డాల్ఫిన్లు నీటి పైకి రావడమే తగ్గించేస్తున్నాయని అందులో ఉంది. ఇది చదివి ఉన్నాను కాబట్టి మా బోటు చేసిన పావుగంట తిరుగుడు నాకు వేరే రకంగా అర్థమైంది. అవి కనపడకపోవడానికి కారణం మేమే. కనపడ్డం లేదని మేం ఇంకా దగ్గరికి వెళ్తున్నాం.

డ్రైవరుతో ఈ మాటే అన్నాను. కుర్రాడు పాతికేళ్ల లోపువాడు, ఒడియాలో మెల్లగా మాట్లాడే మనిషి. ‘వాటికి అలవాటైపోయింది సార్. మా నాన్న రోజుల నుంచీ ఉన్నవే కదా ఈ బోట్లు. పోవాలనుకుంటే ఈపాటికి పోయేవి కావా?’ అన్నాడు.

తర్కం బాగానే ఉంది. పడమటి ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట కూడా చాలామంది ఇలాగే అనుకున్నారు. అక్కడ డాల్ఫిన్లని చూపించే టూరిస్టు సంస్థ ఒకటి ఉండేది, తర్వాత రెండయ్యాయి. లార్స్ బైడర్ బృందం ఏళ్ల తరబడి పేరుపేరునా గుర్తుపట్టిన డాల్ఫిన్ల లెక్కలు తీసి 2006లో ప్రచురించింది. రెండో సంస్థ వచ్చాక బోట్లు తిరిగే ఆ మేరలో డాల్ఫిన్లు ఏడింట ఒకటి చొప్పున తగ్గాయి. తట్టుకోలేనివి చోటు మార్చేశాయి. మిగిలినవి తట్టుకునే రకం. బోటులోంచి చూసేవాడికి కనిపించేవి ఆ మిగిలినవే కాబట్టి, ‘అలవాటైపోయాయి’ అనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వం ఆ లెక్క చూసి రెండో లైసెన్సు తీసేసింది. షార్క్ బే విశాలమైన సముద్రపు ఖాతం, పక్కకి జరగడానికి చోటుంది. చిలికాలో ఎక్కడికి జరుగుతాయి? ఒకవైపు సముద్రపు మొగ, ఇంకోవైపు మోకాలి లోతు, మధ్యలో వలల కర్రలు. ఘేరీలని రొయ్యల కోసం కట్టిన దడులు తీయించాక లోపలి సరస్సులోకి కూడా కొన్ని వెళ్తున్నాయంటున్నారు. అది మంచి కబురే. ఎటూ పోలేక ఉండిపోవడాన్ని ఒప్పుకోలు అనుకోవడం మాత్రం నాకు సబబనిపించలేదు.

తిరుగుప్రయాణంలో బోటుని ఇసక దిబ్బ దగ్గర ఆపారు. డబ్బాలో ఎర్ర పీతలు, పళ్లెంలో ఆల్చిప్పలు. ఒకతను మా కళ్లముందే చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపించాడు. ఎప్పుడు పగలగొట్టినా ముత్యమే వచ్చే చిప్పలు అవి. మా పెద్దాయన రెండు కొన్నాడు. దీని గురించి ఇంతకు మించి రాయడం అనవసరం.

మర్నాడు చీకటితో ఇంజన్ లేని చిన్న నావలో వెళ్లాను. చిలికాలో చేపలు పట్టే కులాల్లో నోలియాలు తెలుగు మాట్లాడేవాళ్లు. పూరీలో పెంటకోట అనే పేట మొత్తం వాళ్లదే. నన్ను తీసుకెళ్లిన తాతకి అక్కడ చుట్టాలు, ఇక్కడ కాలువ గట్టున ఇల్లు. ఆయన మాట శ్రీకాకుళం బీచిలో వినే మాటే, మధ్యమధ్య ఒడియా ముక్కలు.

‘నిన్న ఇంజిను బోటులో ఎల్లారేటి బాబూ? ఏటి కనిపించింది?’

‘వీపులు తాతా.’

‘అంతే మరి. ఆ టైములో అంతే.’

గెడ వేసుకుంటూ వల కర్రల దాకా పోయి ఆపేశాడు. వెదురు కర్రలు పాతి కట్టిన వల వరస, ఒక్కో కర్ర మీద ఒక్కో నీటికాకి. మంచు ఇంకా వీడలేదు. తాత తెడ్డు రెక్కని నీళ్లలో నిలువుగా ముంచి, పిడి కొసని చెవికి ఆనించుకున్నాడు. తర్వాత నాకు ఇచ్చాడు. మొదట ఏమీ లేదు. చెవిని గట్టిగా నొక్కితే చిటపట, పెనం మీద ఆవాలు పేలుతున్నట్టు. ‘అయి రొయ్యలు’ అన్నాడు. కాసేపటికి ఆ చిటపట వెనక సన్నగా ఒక జుమ్మనే మోత మొదలైంది. తల ఎత్తి చూశాను. కాలువ పొడుగునా ఏ బోటూ లేదు, గాలిలో ఏ చప్పుడూ లేదు. మళ్లీ తెడ్డు ఆనించాను. మోత పెరుగుతోంది. చాలాసేపటికి గాని సాతపడా వైపు మలుపులోంచి మొదటి టూరిస్టు బోటు కనపడలేదు. పడవ ఆపి, పొడుగాటి గొట్టం ఒక కొస నీళ్లలో, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుంటే దూరపు ఓడలు వినపడతాయని లియొనార్డో డావించి 500 ఏళ్ల కిందట రాసిపెట్టాడు. అది తెలుసు గాని, చెవి ఎముకకి తగిలేదాకా నాకు ఆనలేదు.

ఆ బోటు రాకముందు దొరికిన వ్యవధిలో డాల్ఫిన్లు వచ్చాయి. నావకి ఇరవై అడుగుల దూరంలో వల వరస పక్కనే. ముందు ఊపిరి వినపడింది. ఒకటి నిదానంగా తల బయటపెట్టింది. మెడ ఉన్న డాల్ఫిన్ ఇది, తల పక్కకి తిప్పగలదు. చిన్న కన్ను, నుదుటి మీద గీరుకుపోయిన తెల్ల చారలు, నోట్లోంచి పిచికారీలా నీళ్లు చిమ్మింది. ఈ జాతి చేపలని గుంపు చెయ్యడానికి అలా చిమ్ముతుంది. వెంటనే వల దగ్గర నీళ్లు కలకలలాడి రెండు మూడు చేపలు గాల్లోకి లేచాయి. బొమ్మల్లో డాల్ఫిన్ చేసే పని ఇక్కడ చేపలు చేశాయి.

‘అయే తోల్తాయి బాబూ. ఆటికి కొన్ని, మాకు కొన్ని’ అన్నాడు తాత. ఇది ఆయన ఒక్కడి నమ్మకం కాదు. చిలికాలో మత్స్యకారులకీ డాల్ఫిన్లకీ ఉన్న ఈ పొత్తు మీద కొరాలీ డి’లీమా పరిశోధన చేసింది. డాల్ఫిన్లు వేటాడే వేళ ఇలా పాతిన వలల్లో ముల్లెట్ జాతి చేపలు ఎక్కువ పడుతున్నాయని ఆమె 2014లో రాసింది. అంతకుముందు దీపానీ సుతారియా 2009లో పూర్తిచేసిన డాక్టరేటు కోసం ఇక్కడి మందల మీదే ఏళ్ల తరబడి పనిచేసింది.

‘మరి మీ వలల్లోనే చిక్కుకుని చస్తాయి కదా తాతా?’ అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ‘పాతిన వలలో పడవు. తేలే వలలో పడతాయి. అది ఏసేవోళ్లు ఏరే’ అన్నాడు కాసేపయ్యాక. నిజమే, చిలికాలో డాల్ఫిన్ల ప్రాణాలు తీసేవాటిలో సన్నదారం వలలు ముందుంటాయి. ఫ్యాను దెబ్బలు ఉంటాయి గాని వాటి తర్వాతే. ఈ సంగతి వదిలేసి పాపమంతా టూరిస్టు బోట్ల మీద మోపితే అన్యాయం. కాని వల చంపితే శవం గట్టుకి కొట్టుకొస్తుంది, లెక్కలోకి వస్తుంది. రొద వల్ల తప్పిన వేట, విడిపోయిన పిల్ల, తిండి చాలక తగ్గిన పాలు ఏ లెక్కలోకీ రావు. పైగా రొదలో వల ఉన్న జాడ పసిగట్టడం కూడా కష్టమే కావచ్చునని నా అనుమానం.

‘ఆ బోట్లోళ్లు మీకు తెలుసా?’

‘తెలీడమేటి? మా మేనల్లుడు నడుపుతాడు ఒకటి.’

బోట్లు ఇన్ని ఎందుకయ్యాయో అర్థం కావాలంటే ఇరవై అయిదేళ్లు వెనక్కి పోవాలి. ఒండ్రు మేట వేసి పాత మొగ పూడుకుపోతూ, ఉప్పదనం తగ్గి, 1990లలో చిలికా చచ్చిపోయే స్థితికి వచ్చింది. అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో 1993లో చేర్చారు. చేపల దిగుబడి 1999-2000లో 1,750 టన్నుల దరిదాపుకి పడిపోయింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సముద్రానికి కొత్త మొగ తవ్వించింది. రెండేళ్లు తిరిగేసరికి దిగుబడి 11,000 టన్నులు దాటింది, 2002లో చిలికా ఆ జాబితాలోంచి బయటపడింది. ఈలోపల చేపలు లేని రోజుల్లో వలలు మానేసి బోటు కొనుక్కున్నవాళ్లు మళ్లీ వలకి పోలేదు. చేప ఏ రోజు పడుతుందో తెలీదు, టూరిస్టు డిసెంబరులో తప్పకుండా వస్తాడు. అప్పు చేసి కొన్న ఇంజన్‌కి కిస్తీ కట్టాలి. డాల్ఫిన్ బతికి ఉంటేనే తమకి బతుకని వాళ్లకి మనం చెప్పక్కర్లేదు. దూరంగా ఉండాలని, వెంటాడకూడదని, చుట్టుముట్టకూడదని వాళ్లకి శిక్షణలు కూడా ఇచ్చారు. మా డ్రైవరు ఆ సూత్రాలన్నీ నాకు వరసగా అప్పజెప్పాడు. బోటులో కూర్చున్నవాళ్లు ‘ఇంకొంచెం దగ్గరికి’ అనగానే ఆ సూత్రాలు నిలవలేదు. గోవాలో కొన్నిచోట్ల ‘డాల్ఫిన్ కనపడకపోతే డబ్బు ఇవ్వక్కర్లేదు’ అని బోర్డే కడతారు. ఆ షరతు మీద నడిపేవాడు వెంటాడకుండా ఎలా ఉంటాడు?

చెయ్యవలసినవి కష్టమైనవేం కావు. ఒక మంద దగ్గర ఒకేసారి రెండు మూడు బోట్లకి మించి లేకుండా చూడడం, దగ్గరికి రాగానే ఇంజన్ ఆపి గెడతో నిలపడం, పొద్దున్న వేట వేళ కొంత మేర వాటికి వదిలెయ్యడం, ఆ సౌండ్ బాక్సులు రేవులోనే దించేయించడం. వీటికన్నా ముందు ఆ బొమ్మలు మార్చాలి. చిలికాలో ఏ జంతువు ఉందో, అది ఏం చేస్తుందో, ఏం చెయ్యదో టికెట్టు తీసుకునేటప్పుడే తెలిస్తే, ‘ఎగరడం లేదేంటి’ అనే ప్రశ్న బోటు దాకా రాదు. డ్రైవరుని మార్చడం కన్నా నాలాంటి టూరిస్టుని మార్చడం సులువని కాదు. డ్రైవరు చేతిలో స్టీరింగు ఉన్నా, ఇంజన్‌ని రెట్టించేది వెనక సీట్లలోని మేమే అని మాత్రం కళ్లారా చూశాను.

నావ దిగి రేవుకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. విజయనగరం బస్సు దిగిన ఒకాయన నా తెలుగు విని పక్కకి వచ్చారు. ‘కనపడ్డాయా అండీ?’

‘కనపడ్డాయి. బాగా దగ్గరగా. కాలువలోకి వెళ్లాక డ్రైవరుని ఇంజన్ ఆపెయ్యమనండి. పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటే అవే వస్తాయి.’

ఆయన మర్యాదగా తలూపి, చేతిలో టికెట్టు చూసుకున్నారు. ‘మూడు గంటలకే కదండీ కట్టాం. పీతలు, ముత్యాలు, మొగ, గుడి అన్నీ ఉన్నాయి ఇందులో. ఇంజన్ ఆపేసి కూర్చుంటే మిగతావి ఎప్పుడు చూస్తాం?’